అగ్గువ ఎవరికి? పిరము ఎవరికి?

ధర్మాధర్మ విచారణ యనగానే పండితుల దృష్టి రాజసభల మీదికిని, రణరంగముల మీదికిని పోవుచుండును. హరిశ్చంద్రుని సత్యవ్రతము, శిబి చక్రవర్తి త్యాగము, ధర్మరాజు సంకటము మన గ్రంథములలో విస్తారముగా చర్చింపబడినవి. నెల మొదటి వారమున చేత చిట్టీ పట్టుకొని కిరాణ దుకాణము మెట్లెక్కు ఇల్లాలి సంకటము మాత్రము ఏ గ్రంథమునకును ఎక్కలేదు. ఆమె కొంగున ముడివేసిన పైకము పరిమితము. చిట్టీలోని వస్తువుల మొత్తము ఆ పైకమును మించినది. ఏదియో ఒకటి కొట్టివేయవలెను. కందిపప్పు తగ్గించిన పిల్లలకు తక్కువ. నూనె తగ్గించిన కూరకు తక్కువ. బెల్లము, పల్లీలు తీసివేసిన ఎవరును అడుగరు. ఈ కొట్టివేతలో ధర్మప్రశ్న కలదని ఆమె తలంపక పోవచ్చును. అయినను కలదు. ఒకరి నోటి ముద్దను మరియొకరి నోటి ముద్దతో తూచి చూచుటకంటె గొప్ప ధర్మవిచారణ మరి యేది?

కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో తక్కువ వెలను ‘అగ్గువ’ యనియు, ఎక్కువ వెలను ‘పిరము’ అనియు అందురు. పిరము అనునది ప్రియము యొక్క వాడుక రూపము. ఇష్టమైనదానికిని, వెల హెచ్చినదానికిని ఒకే మాట చెల్లుట విచిత్రముగా తోచును గాని, బీదయింట ఆ రెండర్థములు వేరు కావు. అచ్చట వెల హెచ్చినదే ప్రియమైనదిగా మిగులును. ఈ సీమ 2016 అక్టోబరు నుండి ఎనిమిది జిల్లాలై, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాదు వేర్వేరు జిల్లా కేంద్రములైనవి. అంగడిలో అగ్గువ, పిరము అను మాటలు మాత్రము విడిపోలేదు.

ఇచ్చటి జనులకు పైకము వచ్చు తీరు ఒక్కటి కాదు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతముల గని కార్మికునకు నెలజీతము. సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేయు వానికి నేసిన బట్టను బట్టి కూలి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతముల స్త్రీలు తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టి బీడీలు చేయుదురు. వారికి వేయి బీడీలకు ఇంత యని లెక్క. రైతునకు పంట అమ్మినపుడే పైకము. రాబడి ఏ విధముగా వచ్చినను ఖర్చు మాత్రము ప్రతిదినము పొయ్యి దగ్గరనే నిలుచును. నెలజీతగాడు నెలకు సరిపడు సరుకు ఒకేసారి కొనగలడు. కూలివాడు పావుకిలో, అరపావు కొనును. చిన్న పొట్లములో వచ్చు సరుకునకు తూకము లెక్కన వెల హెచ్చుట అందరెరిగినదే. పది రూపాయల నూనె పొట్లములు నెలపొడుగునను కొన్నవాడు, ఒకేసారి డబ్బా కొన్నవానికంటె ఎక్కువ చెల్లించి తక్కువ నూనె తినును. అనగా అగ్గువగా కొనుటకును ముందుగా కొంత పైకము కావలెను. లేమియే ఒక పన్ను వంటిది. దానిని వసూలు చేయు అధికారి కనబడడు గనుక ఎవరిని అడుగుటకును వీలులేదు.

ఇచ్చట బియ్యము సంగతి వేరుగా చెప్పవలసియున్నది. ప్రజలు నేటికిని ‘కంట్రోలు దుకాణము’ అని పిలుచు చౌకధరల దుకాణము ఈ సీమ గృహజీవనమును మార్చినంతగా మరియేదియు మార్చలేదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినది. 1996లో వెల పెరిగినది. 2008లో మరల రెండు రూపాయలకు, 2011 నవంబరులో ఒక రూపాయికి దిగినది. అంతకు ముందు కుటుంబమునకు 20 కిలోలకు మించి ఇయ్యరాదను నియమముండెడిది. 2015 జనవరి నుండి తెలంగాణలో ఆ పరిమితి తొలగి మనిషికి ఆరు కిలోలు చొప్పున ఇచ్చుచు వచ్చిరి. 2023 జనవరి నుండి ఆ రూపాయియు లేదు. 2025 ఏప్రిలు నుండి దొడ్డు బియ్యము స్థానమున సన్న బియ్యము ఇచ్చుచున్నారు. ఒకనాడు జొన్నరొట్టె, మక్క గట్క తిన్న ఇండ్లలో, 1963లో పునాదిరాయి పడిన పోచంపాడు ప్రాజెక్టు కాలువలును, ఈ దుకాణమును కలిసి వరియన్నమును నిత్యాహారము గావించినవి. నాటి పేదకూడైన జొన్న నేడు అంగడిలో తరచు బియ్యముకంటె పిరము. అన్నము దొరకుట చిన్న సంగతి కాదు. ఆకలి చూచిన తరమువారు దానిని తేలికగా మాటలాడరు.

అయినను అన్నము ఒక్కటే భోజనము కాదు. 2020లో కరోనా వలన పనులు నిలిచిపోయినపుడు తెలంగాణ ప్రభుత్వము మనిషికి 12 కిలోల బియ్యముతో పాటు కార్డునకు 1500 రూపాయలు ఇచ్చినది. బియ్యము మీదికి పప్పు, ఉప్పు, చింతపండు, నూనె కావలెనని ప్రభుత్వమే గుర్తించిన సందర్భమది.

ఇచ్చటనే ఒక చిక్కు ప్రశ్న పుట్టినది. దొడ్డు బియ్యము ఇచ్చిన కాలమున కొన్ని ఇండ్లలో ఆ బియ్యమును ఊరూర తిరుగు కొనుగోలుదారునకు తక్కువ వెలకు అమ్మి, ఆ పైకముతో పప్పో నూనెయో తెచ్చుకొనెడివారు. చట్టము దీనిని నిషేధించినది. ఆ బియ్యము మిల్లులకు చేరి మరల ప్రభుత్వమునకే చేరుచున్నదను మాట బహిరంగ రహస్యము. ప్రజల సొమ్ము దారి తప్పినది గనుక ఇది తప్పే యగును. అయితే ఆ తప్పులో ఎవరి భాగమెంత? దానితో లారీలు నింపి ధనికుడైన వానిని, పిల్లవాని కంచములో పప్పు కొరకు ఐదు కిలోలు కొలిచియిచ్చిన తల్లిని ఒకే తక్కెడలో వేయువాడు న్యాయము తెలిసినవాడు కాడు. ఆమె చేసినది సరియని చెప్పుటయు కష్టమే. తనకు వలదనుకొన్న బియ్యము మరియొక ఇంటికి కావలసియుండవచ్చును. ఇట్టి చోట తప్పును తప్పుగా చూచుచునే, తప్పు చేసినవారిని బట్టి దాని బరువును వేరుగా కొలువవలెను.

ఇక బేరము సంగతి. కరీంనగరు కూరగాయల అంగడిలో తెల్లవారకముందే చుట్టుప్రక్క పల్లెల స్త్రీలు పుంటికూర, తోటకూర, కొత్తిమీర కట్టలు గంపలో పెట్టుకొని దిగుదురు. ఆటోకు కిరాయి ఇచ్చి, ప్రొద్దుటి చల్లదనములో తడిగుడ్డ కప్పి కూర్చుందురు. కొనవచ్చినవారు మొదట వెల అడుగుదురు, పిదప పిరమందురు, తరువాత కొసరు కోరుదురు. పది రూపాయలకు మూడు కట్టలనిన నాలుగు వేయుమందురు. ఆ చేయియే మరుక్షణమున ప్రక్క దుకాణములో అట్టపెట్టె మీద అచ్చువేసిన గరిష్ఠ చిల్లర ధరను చూచి, మారుమాటలేక చెల్లించును. అచ్చు అక్షరము ముందు మౌనము, మనిషి ముఖము ముందు బేరము. అందుకు కారణము తెలియనిది కాదు. అట్టపెట్టె వెనుకనున్నవాడు కనబడడు, వినడు. ఆకుకూర అమ్ము స్త్రీ వినును. అంతకుమించి, ఎండ ఎక్కుకొలది ఆమె సరుకు వాడిపోవును. కొనువాడు రేపటికి ఆగగలడు, కొత్తిమీర ఆగలేదు. ఈ కాలభేదమే బేరములోని బలము.

బీదవారితో బేరమాడరాదని నీతి చెప్పువారు కలరు. ఆ మాట వినుటకు సొంపైనదే. కాని అది కడుపు నిండినవారి నోట పుట్టిన నీతి. బీడీలు చుట్టి దినమునకు కొన్ని రూపాయలు తెచ్చుకొను స్త్రీకి ఆకుకూర మీద మిగులు రెండు రూపాయలు కూడ లెక్కలోనివే. అమ్మునది బీదరాలే, కొనునది బీదరాలే. బేరము వలదని ఈమెకు చెప్పుట, ఆమె పట్ల దయ చూపుటకై ఈమె మీద పన్ను వేయుట యగును. అట్లని ఎవరి పాట్లు వారివని ఊరకుండుట తగునా? అదియు సరికాదు.

బేరములో రెండు రకములు కలవు. మొదటిది వెల తెలిసికొనుట. సరుకు తాజాదా, పొరుగు గంపలో ఎంత, నేడు రాక ఎక్కువా తక్కువా అని ఇరువురును మాటలాడుకొని ఒక అంకెకు వచ్చుట. ఇందులో ఎవరికిని అవమానము లేదు. నవ్వు కూడ ఉండును. అడుగకయే మిరపకాయలు నాలుగు వేసి పంపు కొసరు ఇందులోనిదే. రెండవది ఎదుటివాని అవసరమును కనిపెట్టి దానిని నొక్కుట. సాయంకాలము గంపలో మిగిలిన కట్టలను చూచి, ఇక ఎవరికి అమ్మెదవు, ఇంటికి మోసుకొని పోదువా అని ఎగతాళి చేసి సగము వెలకు దక్కించుకొనుట. ఇచ్చట వెల తగ్గినది సరుకులోని దోషమువలన కాదు, అమ్మువాని నిస్సహాయతవలన. ఎగతాళి మానినంత మాత్రమున ఇది మొదటి రకము కాదు. నవ్వుచు నొక్కినను నొక్కుడు నొక్కుడే. రూపాయల లెక్కలో రెండు బేరములును ఒకే మొత్తము మిగుల్చవచ్చును. అయినను మొదటిది వ్యాపారము, రెండవది పీడనము. ఒక కట్ట తోటకూరలో విత్తనము, నీరు, కలుపుతీత, కోత, మోత కలవు. ఆ కాయకము వెలలోనికి రావలెను. అది కూడ దక్కనంత చౌకగా కొన్నవాడు కొన్నది తోటకూర కాదు, ఒకరి తెల్లవారుజాము.

1999లో ఏర్పడిన రైతుబజార్లు ఈ చిక్కును కొంత విప్పినవి. టోకు వెలకు పైగా, చిల్లర వెలకు దిగువగా ప్రతిదినము ధర నిర్ణయించి, దానిని పలక మీద వ్రాయుట అచ్చటి పద్ధతి. మధ్యవర్తి తీసికొనవలసిన భాగమును రైతును, కొనువాడును పంచుకొందురు. మనుష్యుల దయాగుణముపై ఆధారపడుటకంటె పలక మీద అంకె వ్రాయుట మేలని తోచుట మనకు కొంత సిగ్గుచేటైనను, నిజమే. గంప దించి రోడ్డుప్రక్కన కూర్చున్న స్త్రీకి మాత్రము ఆ పలక లేదు.

కొనువాడు అమ్మువాని అవసరమును నొక్కినట్లే, అమ్మువాడు కొనువాని అవసరమును నొక్కుటయు కలదు. అదియే ఉద్దెర. ఆదిలాబాదు అడవి సీమలో దీని చరిత్ర చేదైనది. ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు ప్రాంతముల గోండులు, కొలాములు వారపు అంగడిలో ఉప్పు, బట్ట, మిరపకాయ అప్పుగా తీసికొని, పంట చేతికి వచ్చినపుడు ధాన్యమో, పత్తియో, నువ్వులో అదే వ్యాపారికి ఇయ్యవలసి వచ్చెడిది. వెల చెప్పువాడు అతడే, కొలుచువాడు అతడే, లెక్క వ్రాయువాడు అతడే. అక్షరము రానివాని అప్పు ఏటేట పెరిగి భూమి మీదికి పోయెడిది. 1940లో కొమరం భీము నాయకత్వమున జోడేఘాటులో జరిగిన తిరుగుబాటు భూమి కొరకును, అడవి కొరకును జరిగినది. ఆ తరువాత నిజాము ప్రభుత్వము పంపగా వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్ ఇచ్చటి గిరిజనుల స్థితిగతులను పరిశీలించి, వ్యాపారుల చేతను, వడ్డీదారుల చేతను వారెట్లు భూములు కోల్పోయిరో వ్రాసెను. ఒక మూట ఉప్పు ఉద్దెర ఎంత దూరము పోగలదో ఈ చరిత్ర చెప్పును. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవి సరుకు కొనుటకును, నిత్యావసర వస్తువులు సరసమైన వెలకు అమ్ముటకును డిపోలు తెరచుట ఈ గొలుసును త్రెంపుటకే.

కొలతలును అట్లే. సేరు, మానిక, సోల ఊరికొక తీరుగా ఉన్న కాలమున కొనుటకొక మానిక, అమ్ముటకొక మానిక ఉంచుకొన్న వ్యాపారి కథలు వృద్ధుల నోట నేటికిని వినబడును. 1956 నాటి చట్టముచే మెట్రిక్ తూనికలు వచ్చి, 1962 నాటికి తప్పనిసరియైనవి. ఇది మన దేశమున బీదవానికి జరిగిన నిశ్శబ్దమైన మేళ్ళలో ఒకటి. దానిని గూర్చి ఎవరును ఉత్సవము చేయరు.

ఉద్దెరకు మరియొక ముఖము కూడ కలదు. 2011లో సకల జనుల సమ్మె జరిగినపుడు సింగరేణి కార్మికులు వారములకొలది గనిలో దిగలేదు. జీతము లేని అట్టి దినములలో కిరాణ దుకాణములోని ఖాతా పుస్తకమే కార్మికుల ఇండ్లకు ఆసరా. పూచీ అడుగక, కాగితము వ్రాయింపక, ముఖము చూచి సరుకు ఇచ్చు దుకాణదారుడు ఏ బ్యాంకును చేయని పని చేయుచున్నాడు. ఖాతా మీద కొన్న సరుకునకు కొంత వెల ఎక్కువ వేయుట కూడ అందుకే యని అతడనును. కొందరు ఎగవేయుదురు గనుక ఆ నష్టము మిగిలినవారి మీద పడుననును. ఈ వాదములో కొంత న్యాయము కలదు. అయితే న్యాయము ఎచ్చట ముగియునో ఒక గురుతు కలదు. ఎక్కువ వేసిన వెలను నోరు విప్పి ముందుగా చెప్పిన అది వ్యాపారము. ఖాతా ఉన్నవాడు మరియొక దుకాణమునకు పోలేడని తెలిసి, చెప్పక వేసిన అది సాయంకాలపు కొత్తిమీర బేరము వంటిదే. ‘అప్పుచేసి పప్పుకూడు’ అను సామెత దుబారావానిని ఎత్తిపొడుచుటకు పుట్టినది. పప్పే కూడైన ఇంటిలో దానిని వాడుట తగదు.

ఐదక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ శరణ చరిత్రలు చదివినవారెల్లరు ఎరిగినదే. కళ్యాణమున బసవేశ్వరుని ఇంటి ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తేగా, లక్కమ్మ ఆ మిగులును తిరిగి అచ్చటనే పోసిరమ్మని పంపినది. దీనిని ఉన్నదానితో తృప్తిపడుమను పాఠముగా చెప్పుట ఆచారము. జాగ్రత్తగా చూచిన అందు మరియొకటి కలదు. చాలునను మాట చెప్పినది ధనికురాలు కాదు. దినదినము గింజ లెక్కపెట్టి వండిన ఇల్లాలు. తన కొలతను తానే నిర్ణయించుకొన్నది. ఆ మాట ఆమె నోట వ్రతము. అదే మాటను నిండు గాదె గలవాడు కూలివానితో చెప్పిన అది వ్రతము కాదు, హుకుము. ఆమె పెట్టుకొన్న కొలత తన ఇంటిలోని అందరికిని సమానమైనదే గాని, ఒక్కరి కంచము మీద మాత్రము పెట్టినది కాదు.

ఈ చివరి సంగతియే అన్నిటికంటె కష్టమైనది. ఇంటి ఖర్చు తగ్గింపవలసి వచ్చినపుడు ఆ తగ్గింపు ఎచ్చట పడుచున్నది? చాల ఇండ్లలో అందరు తిన్న పిదప కుండలో మిగిలినది ఇల్లాలి భోజనము. పప్పు అయిపోయిన పచ్చిపులుసు. అదియు లేకున్న కారము. ఆమెను ఎవరును బలవంతపెట్టలేదు, ఆమెయే అట్లు చేయుచున్నది. లోకము దీనిని త్యాగమని పొగడినది. పొగడ్తకు ఖర్చు లేదు గదా! తెలంగాణలో పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల స్త్రీలలో సగమునకు మించి రక్తహీనత కలదని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చినది. చిట్టీలో కొట్టివేసిన పల్లీలు, బెల్లము ఈ లెక్కలో తేలినవి.

2015 జనవరిలో ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకమును ఇచ్చట తలపవలెను. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రమునందే ఒక పూట నిండు భోజనము, గ్రుడ్డు, పాలు ఇచ్చు ఏర్పాటది. సరుకు ఇంటికి ఇచ్చిన సులభముగా ఉండెడిది. కాని ఇంటికి పోయిన గ్రుడ్డు పిల్లవాని కంచములో పడును, పాలు మామగారి చాయలో కలియును. తల్లి తినుట చూడవలెననిన ఆమెను ఇంటి బయట కూర్చుండబెట్టి తినిపింపవలసి వచ్చినది. ఇంటివారు దుష్టులు గనుక కాదు. ఆమె ఇచ్చుచుండును, వారు పుచ్చుకొనుచుందురు, ఎవరికిని తప్పు తోచదు.

కిరాణ దుకాణములో చిట్టీ ఇల్లాలి చేతనే ఉండును. మొత్తము చెప్పగానే పెన్సిలు తీసి కొట్టివేయునదియు ఆమెయే. కొన్ని ఇండ్లలో ఇటీవల ఆ చిట్టీని ముందటి రాత్రి భోజనము వేళ అందరి ఎదుట చదువుట మొదలైనది. ఈ నెల ఏది తగ్గింపవలెనని అడిగినపుడు, పెద్దవాడు తన జరదా సంగతి ఎత్తకముందు కొంతసేపు ఎవరును మాటలాడరు.